వెయ్యి మార్పుల పరీక్ష

మంగళవారం పొద్దున హాజరు పుస్తకం ముందు నిలబడి సారక్క బొటనవేలు చాపింది. అటెండరు లచ్చయ్య ఇంకుప్యాడు మూత తీసి, ఆమె వేలిని తానే పట్టుకుని, అద్ది, గడిలో ఒత్తాడు. పసిపిల్లకు అన్నప్రాశన చేసినంత శ్రద్ధగా చేస్తాడతను ఆ పని.

సారక్క ఏడో తరగతి దాకా చదివింది. తన పేరు తెలుగులో రాస్తుంది, ఇంగ్లీషులోనూ రాస్తుంది. కానీ బొగ్గుబాయిలో పెనిమిటి చనిపోయాక కంపెనీ అతని బదులు ఆమెకు ఉద్యోగమిచ్చిన రోజున క్లర్కు తలెత్తకుండా ఇంకుప్యాడు ముందుకు తోశాడు. ఆ రోజు ఆమెకు నోరు పెగల్లేదు, వేలు ఒత్తింది. అంతే, కంపెనీ కాగితాల్లో ఆమె వేలిముద్ర మనిషి అయిపోయింది. తర్వాత రెండుసార్లు అడిగి చూసింది. రికార్డులో వేలిముద్ర ఉంటే సంతకం చేసిన మనిషివి నువ్వేనని ఎట్లా నమ్మాలని ఆఫీసు వాళ్ళు ఎదురడిగారు. ఆ ప్రశ్నకు బ్రహ్మదేవుడి దగ్గర కూడా జవాబు ఉండదు.

ఆమె నల్లా దగ్గరికి వెళ్ళి సబ్బుతో వేలు తోముకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంకు మరక కంప్యూటర్ టేపులకు అంటకూడదని ఆమె సొంత నియమం. చెప్పులు బయట విడిచి, చేతులు తుడుచుకుని, చల్లగా ఉన్న కంప్యూటర్ గదిలోకి అడుగు పెట్టింది.

బొగ్గుబాయిల కాలనీలో ఆ గది ఒక్కటే మసి లేని చోటు. బాయిల లెక్కలూ, హాజర్లూ, స్టోర్సు జాబితాలూ అన్నీ ఆ గదిలోని కంప్యూటర్లోకి చేరతాయి. రోజూ సాయంత్రం వాటికి నకలు తీసి టేపుల్లో దాచాలి. ఒక టేపు నిండగానే తీసి ఇంకోటి పెట్టడం, తీసినదానికి తేదీ వేసిన చీటీ అతికించి ఇనుప బీరువాలో సర్దడం, ఇదీ మూడేళ్ళుగా సారక్క పని. చీటీ అతికించేటప్పుడు స్కేలు ఆనించి మరీ అతికిస్తుంది. బీరువా తెరిస్తే వరసగా నిలబడ్డ టేపులు ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా కనిపిస్తాయి.

ఇప్పుడు ఆ పని చేయడానికి యంత్రం వచ్చింది. మనిషెత్తు ఇనుప పెట్టె, ముందర అద్దం తలుపు. లోపల ఇరవై అరలు, అడుగున టేపు చదివే భాగం, మధ్యలో పైకీ కిందికీ తిరిగే ఒక చెయ్యి. అరలోంచి టేపు తీసి కింద పెడుతుంది, పని అయ్యాక మళ్ళీ దాని అరలో సర్దుతుంది. దాని పేరు ఆటోచేంజర్. దాన్ని అమ్మిన కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి ప్రమోదిని అనే ఇంజినీరు వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయి, పంజాబీ డ్రెస్సు, జేబులో చిన్న స్క్రూడ్రైవరు.

పరీక్ష షరతు ఒక్కటే. ఆగకుండా వెయ్యిసార్లు టేపులు మార్చాలి. మధ్యలో ఒక్కసారి తప్పినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. శుక్రవారం లోపల నెగ్గకపోతే యంత్రాన్ని తిప్పి పంపుతారు.

ప్రమోదిని నల్లటి తెర ముందు కూర్చుని పరీక్ష ప్రోగ్రాం తెరిచింది. అందులో బొమ్మలు లేవు, రంగులు లేవు. ఒక ముక్క టైపు చేస్తే ఒక పని జరుగుతుంది. ‘ఎం ఎస్ మూడు డి ఒకటి’ అని కొట్టింది. చెయ్యి గుయ్‌మని లేచి, మూడో అరలోని టేపును పట్టి, కిందికి తెచ్చి లోపలికి తోసింది. సారక్క అద్దం దగ్గర నిలబడి చూసింది. ఎం అంటే మార్చు, ఎస్ అంటే అర, డి అంటే టేపు చదివే భాగం. రెండోసారికే ఆమెకు తెలిసిపోయింది. తాను మూడేళ్ళుగా నోటితో అనకుండా చేతులతో చేస్తున్న పనే కదా అది.

సెంటరు ఆఫీసరు దామోదర్‌రావు వెనకనుంచి వచ్చి, అద్దం మీద ఆమె వేళ్ళ గుర్తులు పడతాయని జరగమన్నాడు. చెడ్డమనిషి కాదు. కరీంనగర్ దగ్గర పాతిక ఎకరాల ఇంట్లో పుట్టిన మనిషి, పనివాళ్ళు దూరంగా నిలబడటం చూసి పెరిగాడు. ఈ యంత్రం కొనిపించింది తానేనని పై ఆఫీసులో అందరికీ తెలుసన్న భయం ఒకటి ఆయన్ని రెండు నెలలుగా నిద్రపోనివ్వడం లేదు.

పదకొండు గంటలకు పరీక్ష మొదలైంది. నిమిషానికి మూడు మార్పులు. తెర మీద అంకెలు ఎక్కుతూ పోయాయి. ఒంటిగంటన్నరకు దామోదర్‌రావు ఇంజినీరమ్మను జీపులో గెస్టుహౌసుకు భోజనానికి తీసుకెళ్ళాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి యంత్రం ఆగిపోయి ఉంది. అయిదువందల నలభై మూడో మార్పు దగ్గర, పద్నాలుగో అర ముందు, ఖాళీ గుప్పిట పట్టుకుని నిలబడింది చెయ్యి. టేపు అందలేదని తెర మీద ఒక వరస.

ప్రమోదిని ప్రోగ్రాంను మళ్ళీ తెరిచింది. చెయ్యి ఒకసారి పైదాకా, ఒకసారి కిందిదాకా పోయి తన చోటు తాను వెతుక్కుంది. పద్నాలుగో అరను అడిగితే బుద్ధిగా టేపు తెచ్చి ఇచ్చింది. ఏమీ ఎరగని దానిలా సాయంత్రం నకళ్ళు తీసే వేళ దాకా నడిచింది, అప్పటికి వెయ్యి కాలేదు.

బుధవారం కరెంటు పోయి పన్నెండుంపావుకి కాస్త ముందు మొదలుపెట్టారు. మళ్ళీ భోజనం వేళకే ఆగింది, ఈసారి మూడువందల ముప్పై ఆరు దగ్గర, ఆరో అర ముందు. అంకె వేరు, అర వేరు, టేపు వేరు. ప్రమోదిని చెయ్యి విప్పి, స్క్రూలు బిగించి, నూనె చుక్క వేసి, తల పట్టుకుంది. దామోదర్‌రావు రెండు టేపులూ తెప్పించి వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. అరలో తప్పు లేదు, చేతిలో తప్పు లేదు. ఇక మిగిలింది టేపు, టేపు మీద చీటీ, చీటీ అతికించిన మనిషి.

“చీటీ లేచినట్టుంది. అది తగిలే జారుతుంది” అన్నాడు.

“ఒక్క చీటీ లేవలే సార్. గోరుపెట్టి చూడుండ్రి” అంది సారక్క.

ఆయన గోరు పెట్టి చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందో ఆయనకూ తెలుసు.

గురువారం పొద్దున ఆమె నల్లా దగ్గర వేలు కడుక్కుంటుండగానే లచ్చయ్య టైపు చేసిన కాగితం తెచ్చాడు. టేపులకు నిర్లక్ష్యంగా చీటీలు అతికించి పరీక్షకు ఆటంకం కలిగించినందుకు శనివారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. సమాధానం నచ్చకపోతే బొగ్గు ఏరే బెల్టు పనికి పంపుతారు. అంతవరకు కంప్యూటర్ గదిలోకి రాకూడదు. అడుగున వేలిముద్ర కోసం గడి కూడా గీసి ఉంది.

సారక్క కాగితాన్ని నిలబడే మొత్తం చదివింది. లచ్చయ్య ఆమె పెదవులు కదలడం చూసి, తనెందుకో సిగ్గుపడ్డాడు. ఆమెను బాధపెట్టింది బెల్టు కాదు. బెల్టు దగ్గర బొగ్గులో రాళ్ళు ఏరే ఆడవాళ్ళు వందమంది ఉన్నారు, ఆమె కంటే తక్కువ మనుషులేం కాదు. నిర్లక్ష్యం అన్న మాట గుచ్చుకుంది. మూడేళ్ళలో తన చేతి నుంచి ఒక్క టేపు కింద పడలేదు. అంతకుముందు లాంపురూములో తొమ్మిదేళ్ళు, ఒక్క లైటు వెలగకుండా బాయిలోకి పోలేదు. కాగితం మడిచి జాకెట్లో దోపుకుని బయటికి నడిచింది.

పోవడానికి ఇంకెక్కడుంది. కాళ్ళే ఆమెను బాయి దగ్గరి లాంపురూముకు తీసుకెళ్ళాయి. కిందికి దిగేవాళ్ళు టోపీకి తగిలించుకునే లైట్లన్నీ అక్కడ ఇనుప అరల్లో బారులు తీరి చార్జింగు ఎక్కుతుంటాయి. అప్పట్లో తనతో పనిచేసిన బుచ్చిరాములు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, మీసం మాత్రం తెల్లబడింది. ఆమె మొహం చూసి స్టూలు జరిపాడు. మధ్యాహ్నం బాయి దిగే షిఫ్టు కోసం లైట్లు తుడుస్తుంటే ఆమె కూడా ఒక గుడ్డ అందుకుంది. చేతులకు పని దొరికితే మనసు కొంచెం కుదుటపడే రకం ఆమె.

“గా మిషన్ నీ కడుపుకొట్టనీకే వచ్చిందా చెల్లె?” అన్నాడు బుచ్చిరాములు, ఆమె కాగితం సంగతి చెప్పాక.

“మిషన్ మంచిదే అన్నా. దానికేం తెలుసు పాపం” అంది సారక్క. అని తానే ఆశ్చర్యపోయింది. ఆ యంత్రం మీద తనకు కోపం లేదు. ఎంత కుదురుగా సర్దుతుంది టేపులను. తనలాగే.

కొండగట్టు గుడికి పోయివచ్చిన కథ చెప్పడం మొదలుపెట్టాడు బుచ్చిరాములు. మెట్ల దగ్గర కోతి కొబ్బరిచిప్ప గుంజుకున్న సంగతి వచ్చేసరికి, సొరంగం లేకుండా పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని సైరను మోగింది. కొద్దిసేపటికి నేల అడుగున దుమ్‌మని పేలుడు. రోజూ రెండు గంటలకు అక్కడ బొగ్గు మీది బండ పగలడానికి తూటాలు పేలుస్తారు. కాలనీలో ఉయ్యాలలోని బిడ్డ కూడా దానికి కళ్ళు తెరవదు. బుచ్చిరాములూ మాట ఆపలేదు. కోతి గురించి చెబుతూనే లేచి, అరల వెంబడి నడుస్తూ, అరచేత్తో ఒక్కొక్క లైటునూ లోపలికి ఒత్తుకుంటూ పోయాడు. పేలుడు అదురుకు లైట్లు వెంట్రుకవాసి ముందుకు జరుగుతాయి, ఒత్తకపోతే చార్జింగు తగలదు. నేర్పినవాడు లేడు, రాసిపెట్టింది లేదు. లాంపురూములో పనిచేసిన ప్రతి చేతికీ వచ్చే అలవాటు అది.

సారక్క కూడా రెండో బారు దగ్గరికి లేచి ఒత్తుతోంది. తొమ్మిదేళ్ళు చేసిన పని, తెలియకుండానే చేస్తోంది. ఏడో లైటు మీద ఆమె అరచెయ్యి ఆగింది.

“రెండు గంటలకే కదనే అన్నా!” అంది.

“ఏంది?”

ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

కంప్యూటర్ సెంటరు చేరేసరికి రొప్పు వచ్చింది. అప్పుడే జీపు దిగిన దామోదర్‌రావూ ప్రమోదినీ గదిలో తెర ముందు నిలబడి ఉన్నారు. ఆ రోజు టేపులన్నీ ఆయనే స్వయంగా పెట్టాడు. అయినా ఆరువందల ముప్పై మూడు దగ్గర ఆగింది. మూడేళ్ళుగా ఈమె చేతిలో నలిగి టేపులే పాడైపోయాయని ఆయన ఇంజినీరుకు వివరిస్తున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను ఎవరు పుట్టించారో గాని, ఆఫీసు పనివాడై ఉండాలి.

సారక్క గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రావద్దన్న కాగితం జాకెట్లో ఉంది కదా.

“మేడమ్, మిషన్ ఎన్ని గంటలకు ఆగిందో గా తెర మీద రాస్తదా?”

రాస్తుందని ప్రమోదిని చెప్పింది. ప్రతి మార్పుకూ గంట, నిమిషం ఉంటాయి.

“మూడు దినాలది చూడుండ్రి.”

దామోదర్‌రావు ఏదో అనబోయాడు. ప్రమోదిని అప్పటికే కీబోర్డు మీదికి వంగింది. మంగళవారం రెండు గంటలా ఒక్క నిమిషం. బుధవారం రెండూ రెండు. గురువారం రెండూ ఒకటి. ఆమె ఆ మూడు వరసలనూ వేలితో తాకుతూ చదివి, మెల్లిగా కుర్చీ వెనక్కి తిప్పింది. ఇన్నాళ్ళూ అందరూ ఎన్నో మార్పు దగ్గర ఆగిందో చూశారు. ఏ వేళకు ఆగిందో ఒక్కరూ చూడలేదు.

“రెండు గంటలకు ఏమవుతుంది?”

“బ్లాస్టింగ్ అయితది మేడమ్. భూమి అదురుతది. లాంపురూముల లైట్లు జరుగుతయి. గీ పెట్టె కూడా జరుగుతది. కింద చెక్కలే కదా.”

ప్రమోదిని కాలితో నేలను తట్టింది. డబ్‌మని మోగింది. ఆ గదిలో నేల మీద జానెడెత్తున పలకలు పరిచి, వాటి కింద నుంచి వైర్లు పోనిచ్చారు. పేలుడుకు పెట్టె అదిరితే అరలు ఒక గీతంత పక్కకు పోతాయి. చెయ్యి మాత్రం పాత కొలతకే పోయి గాలిని పట్టుకుంటుంది. ప్రోగ్రాం మళ్ళీ తెరిచినప్పుడు చోటు కొత్తగా వెతుక్కుంటుంది కనుక అన్నీ బాగానే కనిపిస్తాయి.

“మొదటిరోజు గెస్టుహౌసులో మీరు భోంచేస్తుంటే నేనడిగాను సార్, ఉరుమా అని” అంది ప్రమోదిని.

దామోదర్‌రావుకు గుర్తుంది. ఏం లేదమ్మా, రోజూ ఉండేదే అన్నాడు తను, పెరుగు గిన్నె ఆమె వైపు జరుపుతూ. పదకొండేళ్ళుగా వింటున్నాడు ఆ చప్పుడు. వినడం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు.

“ఇప్పుడేం చెయ్యాలె మరి?” అన్నాడు. అడిగింది ఇంజినీరునే. కానీ ప్రమోదిని సారక్క వైపు చూసింది.

బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే హనుమండ్లును పిలిపించమంది సారక్క. సాయంత్రం నాలుగింటికి అతను గొడ్డలితో, పాత కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్కలతో వచ్చాడు. పలకలు నాలుగు తీయించి, యంత్రాన్ని సిమెంటు నేల మీదికి దింపించి, నాలుగు కాళ్ళ కిందా రబ్బరు పరిచాడు. పెట్టె వెనక వైపు గోడకీ దానికీ మధ్య రెండు చెక్క చీలలు దిగ్గొట్టి, చేత్తో ఊపి చూశాడు. కొండ మీద బండంత గట్టిగా నిలిచింది. బాయి కప్పునే మోసినోళ్ళం, గిదెంత అని మీసం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున ప్రమోదిని ఒక మెలిక పెట్టింది. ఆఖరి పరీక్షను యంత్రం కొన్నవాళ్ళ మనిషే నడపాలని ఒప్పందంలో ఉంది. ఇన్ని రోజులూ మాట వరసకు దామోదర్‌రావు పేరు వేశారు. ఈ రోజు సారక్క నడుపుతుందని చెప్పింది. దామోదర్‌రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నెగ్గకపోతే ఎవరి మీదికి వస్తుందని అడిగాడు. నడిపిన మనిషి మీదికేనని ప్రమోదిని అంది. అప్పుడాయన ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో గదిలో ముగ్గురికీ తెలుసు.

సారక్క కుర్చీ అంచున కూర్చుంది. ఆ కుర్చీని మూడేళ్ళుగా రోజూ తుడిచింది, కూర్చోవడం ఇదే మొదలు. ప్రోగ్రాం ముందుగా నడిపేవారి పేరు అడిగింది. ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కుంటూ చూపుడువేలితో కొట్టింది. ఎస్ దొరికింది, ఏ దొరికింది, ఆర్ కోసం కొంచెం వెతికింది. ఆరేడు అక్షరాలకు నిమిషం పట్టింది. ప్రమోదిని అందివ్వలేదు, తొందరపెట్టలేదు.

“అక్కా, ఇక కొట్టు” అంది.

పదిన్నరకు మొదలైంది. ఎవరూ గదిలోంచి కదల్లేదు. ఒంటిగంటన్నరకు లచ్చయ్య గెస్టుహౌసు క్యారియరు తెచ్చి వరండాలో పెట్టాడు, అది అక్కడే చల్లారింది. అయిదువందల నలభై మూడు దాటింది. పావు తక్కువ రెండుకు సైరను మోగింది. దామోదర్‌రావు ఉలిక్కిపడ్డాడు. పదకొండేళ్ళ తర్వాత ఆయనకు మళ్ళీ చెవులు వచ్చాయి.

సారక్క లేచి వెళ్ళి అద్దం పక్కన ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించింది. వేళ్ళ గుర్తులు పడతాయని ఎవరూ అనలేదు. రెండయింది. నేల అడుగున దుమ్‌మంది. కిటికీ అద్దాలు గిలగిలమన్నాయి, బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. చేతి కింద ఇనుము ఒక్కసారి నిట్టూర్చినట్టు అదిరి నిలిచింది. లోపల చెయ్యి పదకొండో అర ముందుకు వచ్చింది. ఆగింది. ఎప్పుడూ ఆగేంతసేపే ఆగింది గాని అక్కడున్నవాళ్ళకు అది ఒక ఏడాది. తర్వాత టేపును మెత్తగా పట్టి, వెనక్కి లాగి, కిందికి దిగింది.

నాలుగు గంటలా మూడు నిమిషాలకు వెయ్యి పూర్తయింది. తెర మీద తప్పుల ఎదురుగా సున్నా పడింది. సారక్కకు ఏడవాలనిపించలేదు, నవ్వాలనిపించింది. నవ్వింది. ఆ గదిలో ఆమె పళ్ళు ఎలా ఉంటాయో అందరూ మొదటిసారి చూశారు.

యంత్రం పరీక్ష నెగ్గిందని ప్రమోదిని కాగితం రాసింది. రోజూ పేలుడు తర్వాత యంత్రాన్ని పరీక్ష ప్రోగ్రాంతో సరిచూడాలి, అది తెలిసిన మనిషి సెంటరులో తప్పకుండా ఉండాలి అని ఒక షరతు చేర్చింది. ఆ మనిషి పేరు రాయాల్సిన చోట సారక్క అని రాసింది. దామోదర్‌రావు చదివి, కింద సంతకం పెట్టాడు. ఇంకో సంతకం మిగిలింది, పరీక్ష నడిపినవారిది.

లచ్చయ్య అలవాటు కొద్దీ ఇంకుప్యాడు పట్టుకొచ్చి, మూత తీసి, వేలు కోసం చెయ్యి చాపాడు.

సారక్క ప్యాడు వైపు చూసింది. తర్వాత దామోదర్‌రావు వైపు చూసింది.

“రికార్డులో వేలిముద్రే ఉంది” అన్నాడాయన, చాలా చిన్నగా.

“మరి గా వెయ్యి ఎవరు కొట్టించిండ్రు సార్?” అంది సారక్క.

ఆయన జేబులోంచి తన పెన్ను తీసి, క్యాపు విప్పి, ఆమె ముందు పెట్టాడు.

“మూత పెట్టు లచ్చన్నా. ఇంకు ఎండిపోతది” అని, ఆమె కాగితాన్ని తన వైపు తిప్పుకుని సంతకం చేసింది. తెలుగులో చేసింది. క్క కింద ఒత్తును కొంచెం పెద్దగానే దించింది. పెన్ను తిరిగిచ్చేటప్పుడు దామోదర్‌రావు నిన్న ఇచ్చిన సంజాయిషీ కాగితం వాపసు ఇమ్మన్నాడు, చింపేస్తానన్నాడు.

“ఉండనియ్యుండ్రి సార్, నా దగ్గర్నే. శనివారం దాకా టైముంది కదా, జవాబు రాసిస్త” అంది.

శనివారం పొద్దున ఆ జవాబు దామోదర్‌రావు బల్ల మీద ఉంది. ఒక్క వాక్యం, అడుగున ఆయన వేలిముద్రకని గీయించిన గడిలో నిండుగా సంతకం. ఒక్క చీటీ లేవలేదని మాత్రమే రాసిందామె. ఆయన దాన్ని చదివి, ఫైలులో పెట్టించాడు.

హాజరు పుస్తకం దగ్గర లచ్చయ్య ప్యాడు తీయాలా వద్దా అని తటపటాయించాడు. సారక్క దారానికి వేలాడుతున్న పెన్ను అందుకుని, నెలంతా బారుగా నల్లబొట్లలా ఉన్న వేలిముద్రల పక్కన గడిలో పేరు రాసింది. అలవాటు కొద్దీ నల్లా దగ్గరికి వెళ్ళి తిప్పింది. నీళ్ళు వచ్చాయి. బొటనవేలు చూసుకుంది. కడగడానికి ఏమీ లేదు. నల్లా కట్టేసి, చెప్పులు విడిచి, లోపలికి నడిచింది.